ఆయన నిద్రపోతున్నాడు

ఏప్రిల్ 9. యూమా.

విమానం దిగి నేరుగా వచ్చాను. చేతికి తగిలిన మొదటి పని మురుగు గొట్టం కడగటం. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. నెట్టీ డుమాన్స్కీ బండి మెట్ల మీద నిలబడి రబ్బరు తొడుగులు నా మీదికి విసిరింది. "ముందు ఇది కానిచ్చెయ్ అమ్మాయ్. ఎండ ముదిరితే కంపు లేస్తుంది."

కంపు మీది. చేతులు నావి. పైకి అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

కెనడాలో మా ఊరు స్విఫ్ట్ కరెంట్‌లో నేను పనిచేసే రిపేరు షెడ్డు మూతపడకపోతే ఈ పనికి వచ్చేదాన్నే కాదు. మా ఊళ్ళో మంచు మొదలవగానే వీళ్ళు ఇంత పొడుగు మోటర్‌హోమ్ వేసుకుని అరిజోనా ఎండలోకి వచ్చి పడతారు. మంచు కరిగాక మళ్ళీ కెనడా. సోఫా, ఓవెను, ఫ్రిజ్జు, కక్కూసు, ఇల్లంతా వెంట రావాలి. మా నాన్న బతికినన్నాళ్ళూ ఒక్క చలికాలం కూడా తప్పించుకోలేదు. ఈ పెద్దాయనకి చూపు ఆనక ఇప్పుడు ఇంటికి తోలుకెళ్ళే మనిషి కూడా కావాల్సి వచ్చింది. అదీ నేను.

ఆయన పేరు ఒరెస్ట్, నెట్టీ మొగుడు. ఈ బండ్ల పార్కులో అందరూ గీదో అంటారు. వాళ్ళ ఉక్రెయిన్ మాటలో తాత అని. నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"ఈ బక్కపిల్ల స్టీరింగుని తిప్పుతుందా, స్టీరింగే దీన్ని తిప్పుతుందా?"

"మీరు తోలితే బండి రోడ్డు మీద కన్నా గుంటలోనే ఎక్కువసేపు ఉంటుందట. నెట్టీ చెప్పింది."

పొట్ట పట్టుకుని నవ్వాడు. "దీనికి నోరుందే నెట్టీ! దారిలో పొద్దు పోతుంది."

సరే. ముసలాయన ఫరవాలేదు.

ఇక్కడ కెనడా వాళ్ళ బండ్లన్నీ ఉత్తరం వైపు మూతి పెట్టి ఆగి ఉంటాయి. ఎందుకో పక్క బండి గార్త్ చెప్పాడు. మూస్‌జా నుంచి వచ్చినాయన ఒకడు ఈ పార్కులోనే గుండె పట్టుకుని కూలాడట. అమెరికా ఆసుపత్రిలో చేర్చారు. బీమా వాళ్ళు ఏదో మెలిక పెట్టి చేతులెత్తేశారు, బిల్లంతా ఆయన నెత్తిన పడింది. "మనిషి బతికాడు. ఇంటికెళ్ళి చూస్తే ఇల్లే లేదు పాపం" అన్నాడు గార్త్. "అందుకే పిల్లా, ఒంట్లో తేడా చేస్తే ఆసుపత్రి బోర్డు చూడకు. ఉత్తరానికి తొక్కెయ్. సరిహద్దు గేటు దాటితే మన దేశంలో వైద్యం ఊరికే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం నా చేత మంచం కింద అరలో విస్కీ సీసాలు సర్దించారు. గేటు దగ్గర తీసుకెళ్ళనిచ్చే దానికన్నా చాలా ఎక్కువ. "అడిగితే ఏం చెప్పాలి?" అన్నాను.

"మీ గీదో నిద్రపోతుంటాడు" అంది నెట్టీ, పిండి పిసుకుతూ.

ఆయన వెంటనే ఆ మంచం మీద వాలి, నోరు తెరిచి గురక మొదలుపెట్టాడు. ఏటా ఇదే నాటకమట. ముసలాణ్ణి లేపి పరుపు ఎత్తు అనే ఆఫీసరు ఇంతవరకు పుట్టలేదట. ఒక కన్ను తెరిచి, "ఎలా ఉంది?" అన్నాడు.

"మా షెడ్డులో పాత కంప్రెసరు గుర్తొచ్చింది" అన్నాను.

ఇంకొకటి. రాత్రి మాత్రలు మింగేటప్పుడు విన్నాను. "ఈ కొత్తది మింగితే తల తిరుగుతోందే" అని ఆయన, "గట్టిగా అనకు" అని ఈమె. నేను విన్నానని తెలిసి నెట్టీయే చెప్పేసింది. చలికాలం మొదట్లో కెనడా నుంచి బయల్దేరే ముందు డాక్టరు రక్తపోటు మాత్ర మార్చాడు. మందు మారిన మనిషికి బీమా చెల్లదు. బీమా వాళ్ళు ఫోన్లో అడిగితే ఏమీ మారలేదని చెప్పింది. "ఏం చెయ్యమంటావు? ఆయన్ని ఆ చలిలో కూచోబెట్టనా? చలికాలం గడిచిపోయింది కదా. ఇంక దారేగా మిగిలింది."

అంటే బీమా లేనట్టే. నాకెందుకు. నా పని తోలటం.


ఏప్రిల్ 11. యూటా.

గాలి. రోజంతా గాలి. బండి గోడ మీద ఎవడో భుజం పెట్టి తోస్తున్నట్టుంది. స్టీరింగు వదిలాక కూడా వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి.


ఏప్రిల్ 12. గ్రేట్ ఫాల్స్, మోంటానా.

రేపు ఇల్లు. హైవే మీద ఉన్న పెద్ద గేటుకి వెళ్దామన్నాను. అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

"అక్కడ కుక్కలతో వెతుకుతారు" అంది నెట్టీ. "హావర్ మీదుగా చిన్న గేటు ఉంది. మేమెప్పుడూ అటే. వాళ్ళకి మేం తెలుసు."

"అది సాయంత్రం మూసేస్తారు."

"అందుకే త్వరగా లేవాలి."

సీసాల కోసం, చుట్టుపక్కల ఒక్క ఇల్లు కూడా లేని దారిన పోవాలి. గీదో నా మొహం చూసి పేకముక్కలు పంచాడు. ప్రతి ఆటలోనూ మోసం చేశాడు. దొరికిపోతే, "చూపు ఆనట్లేదే డెల్" అంటాడు. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన అన్నం తిన్నాం. నెట్టీ వంట బాగుంటుంది. అది కూడా కోపంగానే ఉంది నాకు.


ఏప్రిల్ 13. పొద్దున.

 ఇది వెంటనే రాయాలి.

గీదో కాఫీ కప్పు ఎత్తాడు. కప్పు జారి పడింది. వంగి తీయబోయి, కుడిచేతి వంక చూసుకున్నాడు, అది వేరేవాళ్ళ చెయ్యి అయినట్టు. ఏదో అన్నాడు. మాట నోట్లో ముద్దగా తిరిగింది.

"ఆసుపత్రికి పోదాం" అన్నాను. "ఈ ఊళ్ళోనే ఉంది. నిన్న దాని ముందు నుంచే వచ్చాం."

నెట్టీ సున్నంలా తెల్లబడింది కానీ కదల్లేదు. ఆయన చెయ్యి పట్టుకుని రుద్దుతూ కూచుంది. ఆమె రుద్దుతుండగానే వేళ్ళు కదిలాయి. మాట కూడా వచ్చేసింది.

"తిమ్మిరి" అన్నాడు. "రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా."

"తిమ్మిరికి మాట పోతుందా?"

"నీ మాట పోతే బాగుండు, దారంతా ప్రశాంతంగా ఉంటుంది."

"గీదో, నేను సరదాకి అనటం లేదు."

ఆయన కూడా నవ్వటం మానేశాడు. "విను పిల్లా. ఊళ్ళో ఉన్న మా పొలం మా నాన్న రాళ్ళేరి చేసింది. దాన్ని అమెరికా ఆసుపత్రి వాడి చేతిలో పెట్టను. బండి తియ్యి. ఇవాళ సాయంత్రానికి మనూళ్ళో డాక్టరుకి నువ్వే చూపిద్దువుగాని."

నెట్టీ వంక చూశాను. నెట్టీ స్టవ్వు వైపు చూస్తోంది. "విన్నావుగా" అంది.

చెయ్యి బాగానే కదులుతోంది. నేను చూశాను. తిమ్మిరే అయి ఉంటుంది.


ఏప్రిల్ 13. బిగ్ శాండీ. బంకు దగ్గర.

మామూలుగా ఉన్నాడు. కిందకి దిగి వచ్చి నేను డీజిల్ కొడుతుంటే తప్పులు పట్టాడు. "అంత గట్టిగా నొక్కకే, అది ఆవు పొదుగు కాదు." సాసేజి ముక్క కొరుక్కుంటూ ఆకాశం చూసి, గాలి ముదురుతుందన్నాడు. కుడిచేత్తోనే తిన్నాడు. గమనించాను.

"నిద్రొస్తోంది. కాసేపు వాలతా" అని వెనక్కి వెళ్ళాడు.

అనవసరంగా భయపడ్డాను.


ఏప్రిల్ 13. గోదాము చాటున.

తోలటం కుదరటం లేదు. ముందు వెళ్తున్న ట్రక్కు ట్రైలరు పక్కకి ఒరిగి గుంటలో పడటం కళ్ళారా చూశాం. రైలు పట్టాల పక్కన పాత ధాన్యం గోదాము ఉంటే దాని చాటున ఆపాను. నెట్టీ గేటు మూసే వేళ గురించే మాట్లాడుతోంది. బండి ఉయ్యాలలా ఊగుతోంది.

ఇంత ఊగుతున్నా గీదో లేవలేదు.

"చూసి రండి" అన్నాను.

వెళ్ళింది. వచ్చింది. "నిద్రపోతున్నాడు."

"మాట్లాడించారా?"

"నిద్రపోయేవాణ్ణి ఎవరైనా మాట్లాడిస్తారా?"

గురక వినపడుతోంది. గురక వస్తోందంటే నిద్రే కదా. పొద్దున్నే లేచాడు. వయసు మీద పడింది. నిద్రే.


ఏప్రిల్ 14. హావర్. ఆసుపత్రి పార్కింగ్‌లో.

నిన్నటిది రాస్తాను. రాయకపోతే తల పగిలిపోతుంది.

గాలి కాస్త తగ్గాక బయల్దేరాం. హావర్ ఊళ్ళోకి రాగానే ఎర్ర దీపం పడింది. ఆ కూడలిలో నీలం బోర్డు మీద తెల్లటి ఆసుపత్రి గుర్తు, పక్కన బాణం. కుడికి. మాది ఎడమకి. బండి ఆగింది కాబట్టి వెనక నుంచి గురక బాగా వినపడింది. ఆయన పార్కులో నటించిన గురక కాదు. తడిగా, లోపల ఏదో అడ్డంపడి తెగుతున్నట్టు, మళ్ళీ అతుక్కున్నట్టు.

"నెట్టీ" అన్నాను.

ఆమె బోర్డు చూస్తోంది. నేను చూస్తున్న బోర్డే. ఒళ్ళో పర్సుని రెండు చేతులతో పట్టుకుంది. "నిద్రపోతున్నాడు" అంది. "గేటుకి ఎంతో దూరం లేదు డెల్. ఎంతో దూరం లేదు."

"ఒక్కసారి చూపించి—"

"నీ పని తోలటం."

పచ్చ దీపం పడింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు. నేను ఎడమకి తిప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని తిప్పలేదు. నేనే తిప్పాను.

ఊరు దాటాక ఇక ఏమీ లేదు. పచ్చిక, ముళ్ళకంచె, ఇంకా కరగని మంచు మచ్చలు. ఎదురుగా ఒక్క బండి రాలేదు. నేను ఎంత తొక్కినా బండి పోవట్లేదనిపించింది. మధ్యలో గురక ఆగినట్టయితే కాలు దానంతటదే పెడలు మీంచి లేచేది. మళ్ళీ వినపడితే మళ్ళీ తొక్కేదాన్ని. నెట్టీ పాస్‌పోర్టులు తీసి ఒకదాని మీద ఒకటి సర్ది, తీసి, మళ్ళీ సర్దుతోంది. వాళ్ళ భాషలో ఏదో ప్రార్థన నోట్లో నోట్లోనే.

గేటు తెరిచే ఉంది. అమెరికా వైపు గది దాటి, కెనడా జెండా కింద ఆగాను. "వచ్చేశాం" అని నెట్టీ ఏడ్చినంత పని చేసింది. నేనూ స్టీరింగు వదిలి వెనక్కి వాలాను. వచ్చేశాం. ఇంక మన దేశం. ఇంక ఏమీ కాదు.

ఆఫీసరు నడివయసు మనిషి. టోపీ గాలికి పోకుండా ఒక చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. నెట్టీని చూసి నవ్వాడు.

"ఏమ్మా నెట్టీ, ఎండ బాగా తిన్నారా? ఈసారి డ్రైవర్ని కూడా పెట్టారే."

"మా ఊరి పిల్లే. డెల్."

"మందు, పొగాకు, తుపాకులు, కోడిగుడ్లు?"

నెట్టీ సీసాల మాట చెప్పింది. అనుమతి ఉన్నన్నే చెప్పింది. ఇంత జరుగుతున్నా అలవాటు కొద్దీ అబద్ధమే వచ్చింది నోట్లోంచి.

"మరి పెద్దాయన ఏడీ?"

"నిద్రపోతున్నాడు."

ఆఫీసరు ఫెళ్ళున నవ్వాడు. "ఏటా ఇక్కడికి రాగానే ఎలా వస్తుందమ్మా ఆయనకి నిద్ర? సరిగ్గా ఆ మంచం మీదే? మాకేం తెలియదనుకుంటున్నారా? పదండి, ఈసారి లేపుతాను. ఆ పరుపు కింద ఏముందో నాకూ చూడాలనుంది."

నెట్టీ సీట్లోంచి లేవబోయింది.  వాడు నవ్వుతూ మెట్లెక్కాడు. వెనక గదిలోకి పోతూ, "గీదో! నాటకం చాలు, లే!" అన్నాడు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో.

వాడి బూట్ల చప్పుడు మంచం దగ్గర ఆగింది.

"ఇలా రండి" అన్నాడు. ఆ గొంతు వేరు.

గీదో కళ్ళు తెరిచే ఉన్నాడు. సగం. నోరు కుడివైపు కిందకి జారిపోయింది, చొంగ దిండు మీద ఎండి చారలు కట్టింది. కుడిచెయ్యి మంచం పక్కకి వేలాడుతోంది. నన్ను చూశాడు. ఎడమ చేత్తో దుప్పటి లాగుతున్నాడు. మాట కోసం నాలుక వెతుక్కుంటోంది. ఎప్పటి నుంచి మెలకువగా ఉన్నాడో. ఆ బోర్డు దగ్గర నేను ఎడమకి తిప్పటం విన్నాడో ఏమో.

"ఎప్పటి నుంచి ఇలా?" అన్నాడు ఆఫీసరు.

నెట్టీ వంగి, వేలాడుతున్న ఆ చేతిని మంచం మీదికి ఎత్తింది.

వాడు పరిగెత్తాడు. హెలికాప్టరు ఈ గాలికి లేవదన్నారు. మన వైపు అంబులెన్సు చాలా దూరం నుంచి రావాలి. "దగ్గరది హావర్‌దే" అన్నాడు. "పిలిచేశాను. వస్తోంది."

నెట్టీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆఫీసరు చొక్కా పట్టుకుంది. "అటు వద్దు. వచ్చేశాం కదా బాబూ. ఇక్కడికి వచ్చేశాం కదా. ఆయన మన దేశంలో ఉన్నాడు. నువ్వే చెప్పు, ఆయన మన దేశంలో ఉన్నాడు కదా?"

"ఉన్నాడమ్మా" అన్నాడు వాడు. "కానీ డాక్టరు అటు ఉన్నాడు."

అంబులెన్సు వచ్చేదాకా నేను గీదో ఎడమ చెయ్యి పట్టుకుని కూచున్నాను. గట్టిగా నొక్కాడు. ఏం చెప్పాలో తెలియక తిట్టాను. "మోసగాడివి నువ్వు. పేకలోనూ మోసమే, తిమ్మిరిలోనూ మోసమే" అన్నాను. మళ్ళీ నొక్కాడు.

మోంటానా నంబరు ప్లేటు. మేం వచ్చిన దారినే వచ్చింది, మా గేటు కిందుగానే దూరింది. ఇద్దరు కుర్రాళ్ళు దిగి ఆయన్ని చక్రాల మంచం మీదికి ఎక్కించారు. నెట్టీ దారికి అడ్డంగా నిలబడింది. చేతులు చాచలేదు, అరవలేదు. ఊరికే నిలబడింది.

"జరగండి!" అని అరిచాను. "నెట్టీ, జరుగు! పొలం పోతే పోనీ, జరుగు!"

జరిగింది. ఆయన వెనకే ఎక్కింది. తలుపులు మూశారు. పొద్దుటి నుంచి పరుగు తీసి దాటిన సరిహద్దు గీతని మళ్ళీ వెనక్కి దాటేశారు. సైరను మోత చాలా దూరం వినపడింది. ఆ పచ్చికలో ఏ మోతకీ అడ్డమేముంది.

ఆ చిన్న జాగాలో ఇంత బండిని వెనక్కి తిప్పటానికి చాలా తంటాలు పడ్డాను. ఆఫీసరే చేతులూపి దారి చూపించాడు. సీసాల మాట ఎత్తలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నది. నా వయసే ఉంటుందేమో. ఒకటే ప్రశ్న. "ఆయన మామూలుగా మాట్లాడటం, నడవటం చివరిసారి ఎప్పుడు చూశారు?"

"గేటు దగ్గర" అంది నెట్టీ, ఒక్క క్షణం కూడా ఆగకుండా. "గేటుకి కాస్త ముందు. నాతో మాట్లాడాడు. నీళ్ళు అడిగాడు."

డాక్టరు మొహం వెలిగింది. నర్సుతో ఏదో మందు పేరు చెప్పింది. నర్సు పరిగెత్తబోయింది.

నెట్టీ నా వంక చూసింది. చచ్చేదాకా మర్చిపోను ఆ చూపు. నోరు విప్పకు అని అడుక్కుంటోంది.

"ఏం మందు అది?" అన్నాను.

"మెదడులో రక్తపు గడ్డని కరిగిస్తుంది. వేళ దాటకపోతేనే."

"దాటితే?"

"దాటాక ఇస్తే లోపల రక్తం కారుతుంది. మనిషి పోవచ్చు. అందుకే అడుగుతున్నా, కచ్చితంగా చెప్పండి."

నర్సు తలుపు దగ్గర ఆగి ఉంది. నెట్టీ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"బిగ్ శాండీలో" అన్నాను. "బంకు దగ్గర. ఇంకా మధ్యాహ్నం కాలేదు. ఆ తర్వాత ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నీళ్ళు అడగలేదు. నిద్రపోతున్నాడని చెప్పుకున్నాం."

డాక్టరు గోడ గడియారం వంక చూసింది. నర్సుకి తల అడ్డంగా ఊపింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆ గేటుకి ఇదే ఊరి మీదుగా వెళ్ళారా మీరు?" అని అడిగింది.

"అవును" అన్నాను.

ఆ కూడలిలో కుడికి తిప్పి ఉంటే వేళ దాటేది కాదు. ఆమె చెప్పలేదు. నేనే లెక్క కట్టుకున్నాను.


ఏప్రిల్ 15.

బతికే ఉన్నాడు. కుడివైపు లేదు. మాట లేదు.


ఏప్రిల్ 16.

నెట్టీ నాతో మాట్లాడటం లేదు. రాత్రి పడుకోవటానికి బండిలోకే వస్తుంది, ఇంకెక్కడికి పోతుంది. సూపు కాచి ఒక గిన్నె నా వైపు తోస్తుంది. తింటాను.

గార్త్ ఫోన్ చేశాడు. మా తప్పేం లేదన్నాడు. ఎవరైనా అదే చేస్తారన్నాడు. ఫోన్ పెట్టేశాను. వాడి బండి ఇంకా ఉత్తరానికి మూతి పెట్టుకునే ఉండుంటుంది.


ఏప్రిల్ 18.

ఇవాళ నెట్టీ వచ్చి నా ఎదురుగా కూచుంది. కోటు తీయలేదు.

"రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఆయన్ని వెనక మంచం మీద పడుకోబెడదాం. నేను పక్కన కూచుంటా. నువ్వు మెల్లగా తోలు."

"డాక్టరు ఒప్పుకుందా?"

"మా ఇష్టం మీద తీసుకెళ్తున్నామని సంతకం పెడితే పంపేస్తారు."

"ఒప్పుకుందా అని అడిగా."

"మింగటం రావట్లేదంటుంది. కదిపితే ఇంకోసారి రావచ్చంటుంది. వాళ్ళు అలాగే అంటారు డెల్, వాళ్ళకి మంచం నిండుగా ఉండాలి. రోజుకింత పొలం కరిగిపోతోంది. ఆయన అడిగిందేమిటి? ఇల్లు చేర్చమనేగా?"

"మన వైపు ఆసుపత్రిలో మంచం దొరగ్గానే వాళ్ళే అంబులెన్సులో పంపిస్తామన్నారు కదా."

"ఎప్పుడు దొరుకుతుంది? నువ్వు చెప్తావా?"

"నేను తోలను."

"నీ పని తోలటం."

"ఆ రోజూ అదే అన్నారు. నేనూ అదే అనుకున్నాను."

బల్ల మీద చేత్తో కొట్టింది. గిన్నె కింద పడింది. "ఆ రోజు డాక్టరు ముందు నువ్వు నోరు మూసుకుని ఉంటే ఆయన ఇవాళ మాట్లాడేవాడు!"

"పోయేవాడు."

"నీకేం తెలుసు?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. మందు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. తెలిసింది ఒకటే, అంతకు ముందు ఆ ఎర్ర దీపం దగ్గర నోరు తెరవాల్సింది, తెరవలేదు. అది ఆమెకి చెప్పలేకపోయాను.

"జీతం ఇవ్వను" అంది.

"ఇవ్వకండి."

"ఇంకో డ్రైవర్ని పిలుచుకుంటా."

"పిలుచుకోండి. తాళం నా దగ్గరుంది."

కోటు బొత్తాలు పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె ఆసుపత్రి తలుపులోకి పోయేదాకా కిటికీలోంచి చూశాను. బండి ఆమెది. పోలీసుల్ని పిలవొచ్చు. వేరే దేశంలో ఉన్నాను, చేతిలో డబ్బు లేదు, తెలిసిన మనిషి లేడు.  తాళం తీసి దాచాను. ఎక్కడో ఇక్కడ కూడా రాయను.

చీకటి పడుతుండగా తిరిగొచ్చింది. పోలీసులు లేరు. గిన్నె ముక్కలు తనే ఏరింది. సూపు పెట్టింది. ఇద్దరం తిన్నాం. తర్వాత వెనక్కి వెళ్ళి, ఆయన పడుకున్న మంచం మీద, ఆయన వైపున పడుకుంది. నేను హీటరు పెంచాను.

"డెల్" అంది లోపలి నుంచి.

"ఊ."

"తాళం ఎక్కడ పెట్టావు?"

"చెప్పను."

దీపం ఆర్పాను. నిద్రపట్టిందేమో అనుకున్నాను.

"చెప్పకు" అంది. "రేపు నేను మళ్ళీ అడుగుతాను. ఏడ్చి అడుగుతాను. అయినా చెప్పకు."